ఢిల్లీ లేఖ: అన్న గుండం, చెల్లెలి చెరువు

మన దేశంలో జాతీయ ప్రాముఖ్యం గల ప్రాచీన కట్టడాలెన్ని అని ఢిల్లీలో అడిగితే జవాబు తేలికగానే దొరుకుతుంది. తిలక్ మార్గ్‌లోని ధరోహర్ భవన్‌లో కొలువు తీరిన కేంద్ర పురావస్తు శాఖ వారు దాదాపు 3,700 అని చెబుతారు. అవన్నీ ఎక్కడెక్కడ ఉన్నవని అడిగితేనే చిక్కు. 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సిబ్బంది 1,655 కట్టడాలను స్వయంగా చూడబోయి, 92 కట్టడాలు ఉండవలసిన చోట లేవని నివేదిక ఇచ్చారు. శాఖ వారు వెదకగా 42 దొరికినవి. మిగిలిన 50 సంగతి 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో తేలింది. 14 పట్టణాల పెరుగుదలలో కలిసిపోయాయి, 12 జలాశయాల అడుగుకు చేరాయి, 24 కట్టడాల ఆచూకీయే లేదు. 2024 మార్చిలో ప్రభుత్వం వారు 18 పేర్లను జాబితా నుంచి తొలగించడానికి పూనుకున్నారు. అందులో హర్యానాలోని ముజేసర్ కోస్ మీనారు ఒకటి, ఢిల్లీలోని బారాఖంబా శ్మశానం మరొకటి. పార్లమెంటు ఉన్న ఊళ్లోనే ఒక శ్మశానం మాయమైనదంటే దూరప్రాంతాల సంగతి చెప్పనక్కరలేదు.

ఆ స్థాయీ సంఘానికి అప్పటి అధ్యక్షుడు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వచ్చిన వి. విజయసాయిరెడ్డి. కావలి సిబ్బంది గురించి ఆ నివేదిక చెప్పిన లెక్క ఇంకా విచిత్రమైనది. 7,000 మంది అవసరమని అంచనా. ఉన్నవారు 2,578 మంది, అదీ 248 చోట్ల మాత్రమే. తాజ్‌మహల్, ఎర్రకోట వంటివి పోగా మిగిలిన మూడువేల చిల్లర కట్టడాలకు ఊళ్లో వారి భక్తే కావలి అన్నమాట.

ఇట్లా ఊరివారి భక్తి మీద నిలిచిన కట్టడం ఒకటి చూడాలన్న కోరికతో, ఈ మధ్య రాయపూర్ వెళ్లిన సందర్భంలో చరోదా దాకా పోయి వచ్చాను. ఉక్కు నగరం భిలాయికి తూర్పు అంచున, ముంబయి-హౌరా రైలు మార్గం మీద ఉన్న ఊరది. అక్కడి స్టేషను బోర్డు మీద రెండు పేర్లుంటాయి: దేవబలోదా, చరోదా. మొదటిది పాత ఊరు, దేవుడి ఊరు. రెండవది రైల్వేవారి ఊరు. భిలాయి మార్షలింగ్ యార్డు ఇక్కడే ఉన్నది గనుక రైల్వే ఉద్యోగులు దీనిని ‘బి.ఎం.వై.’ అనే మూడక్షరాలతోనే పిలుస్తారు. రాజహరా గనుల ఖనిజం, బొగ్గు, భిలాయిలో పోతపోసిన రైలు పట్టాలు, ఇవన్నీ మోసే వ్యాగన్లను విడదీసి, కూర్చి, పంపించడమే ఆ యార్డు పని. పగలూ రాత్రీ ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు ఆగదు.

ఈ చప్పుడు మధ్య తెలుగు వినిపించడం కొత్తవారికి ఆశ్చర్యం కావచ్చును గాని చరిత్ర తెలిసినవారికి కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల వారు పట్టాల వెంట ఉత్తరానికి వలస పోతూనే ఉన్నారు. పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్‌ల మీదుగా విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ మైదానం ఉత్తరాంధ్రకు పొరుగిల్లయింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయ్యేనాటికి భిలాయి సెక్టార్లలో మన వాళ్ల సంసారాలు వెలిశాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నారు. చరోదా రైల్వే కాలనీల వారికి మాత్రం అంతకన్నా దగ్గరలో, ఎవరూ కట్టుకోనవసరం లేని గుడి ఒకటి అప్పటికే ఏడెనిమిది వందల ఏండ్లుగా ఉన్నది.

దేవబలోదా శివాలయం రతన్‌పూర్ కలచురి రాజుల నాటిది. 12-13 శతాబ్దాలదని పురావస్తువేత్తల అభిప్రాయం. మనవైపు కాకతీయులు ఏలుతున్న రోజులవి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన తరానికి కాస్త ఇటో అటో అనుకోవచ్చు. ఎర్ర ఇసుకరాతి కట్టడం, తూర్పు ముఖం, ముందు స్తంభాల మండపం, దాని వెనుక కొన్ని మెట్లు దిగితే గర్భగుడి. గోడల చుట్టూ ఏనుగుల వరుసలు, వేటగాళ్లు, నాట్యకత్తెలు, గణపతి, నరసింహుడు, మహిషమర్దిని. చూచి చూచి తల పైకెత్తితే ఒక్కసారిగా వెలితి కనిపిస్తుంది. గుడికి శిఖరం లేదు. గోడల పైకి నిలవవలసిన నాగర శిఖరం పోయి, గుడి మొండిగా ఆగిపోయినట్లుంటుంది. ఇటువంటి శిథిలాలు దేశంలో కోకొల్లలు. చరిత్రకారులు దండయాత్ర అనో భూకంపం అనో పునాది కుంగినదనో అంటారు. దేవబలోదా వారు ఇవేవీ ఒప్పుకోరు. శిఖరం పడిపోలేదు, అసలు కట్టనే లేదంటారు. ఎందుకు కట్టలేదో తెలియాలంటే గుడిని ఆనుకొని ఉన్న గుండం దగ్గరకు వెళ్లాలి.

రాతిమెట్లు దిగి నీటిని చేరవలసిన లోతైన గుండం అది. హిందీలో కుండ్ అంటారు. మనకు వేములవాడ ధర్మగుండం ఉన్నది గనుక ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఇందులోని నీరు ఏ వేసవిలోనూ ఎండదని స్థానికుల నమ్మకం. నేను చూసిననాడు నీరు ఆకుపచ్చగా ఉన్నది. అయినా వచ్చినవారు మెట్లు దిగి చేతితో నీళ్లు తీసి తలమీద చల్లుకుంటూనే ఉన్నారు. మునగడానికి తవ్విన గుండం చల్లుకోవడానికి మిగిలింది.

కథ ఇది. ఆరు నెలల పాటు తెల్లవారకుండా సాగిన ఒకే ఒక్క రాత్రిలో ఈ గుడి కట్టారట. అందుకే దీనిని ‘ఛమాసీ’ గుడి అని కూడా పిలుస్తారు. ఆ దీర్ఘరాత్రిలో శిల్పి ఒంటిమీద నూలుపోగు లేకుండా పనిచేసేవాడు. ధ్యానంలో ఉన్నవాడికి దేహస్పృహ ఉండదు గదా. ఆలి ఒక్కతే వేళకు అన్నం తెచ్చి పెట్టి పోయేది. ఒకనాడు ఆమెకు బదులు శిల్పి తోబుట్టువు వచ్చింది. హిందీలో ‘బహన్’ అన్న మాటకు అక్కాచెల్లెళ్ల భేదం లేదు. మన భాషలో ఏదో ఒకటి అనక తప్పదు గనుక చెల్లెలనే అంటాను. గుడి పైభాగాన పనిలో మునిగి ఉన్న అన్న క్రిందికి చూసేసరికి చెల్లెలు నిలబడి ఉన్నది. సిగ్గు భరించలేక ఆ ఎత్తునుంచే గుండంలోకి దూకాడు. తన మూలాన అన్న పోయినాడని చెల్లెలు పక్కనున్న చెరువులోకి దూకింది. దూకేటప్పుడు ఆమె తలమీద నీళ్ల కుండ ఉన్నది. ఛత్తీస్‌గఢీలో దానిని ‘కర్సా’ అంటారు. అది మన కలశమే. ఆ చెరువుకు నేటికీ కర్సా తాలాబ్ అనే పేరు. నడిమధ్యన కలశం ఆకారంలో ఒక రాయి ఉన్నదనీ, అదే ఆమె కుండ అనీ చూపిస్తారు. గుడి శిఖరం మాత్రం అట్లాగే ఆగిపోయింది.

అన్న కథ అక్కడితో అయిపోలేదు. గుండం అడుగున ఒక రహస్య సొరంగం ఉన్నదనీ, దానివెంట పోయిపోయి అతడు ఆరంగ్‌లో తేలాడనీ, అక్కడే శిల అయిపోయాడనీ చెబుతారు. ఆరంగ్ రాయపూర్‌కు తూర్పున ఉన్నది, దేవబలోదా పడమట. రెంటికీ యాభై కిలోమీటర్ల పైమాటే. ఇంత పొడుగు సొరంగం గురించి పురావస్తు శాఖ వారినడిగితే నవ్వుతారు, నవ్వడం న్యాయమే. కాని ఆరంగ్‌లో శిల అయినవాడెవరో చూస్తే నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్కడ భాండ్ దేవళ్ అనే జైన ఆలయం ఉన్నది. అందులో ఉన్నవి తీర్థంకరుల నిలువెత్తు విగ్రహాలు, దిగంబర మూర్తులు. జైనం ఆ ప్రాంతంలో చాలావరకు మరుగునపడిన తర్వాత, బట్టలేని ఆ రాతిమనిషి ఎవరన్న ప్రశ్నకు పల్లెవారు చెప్పుకున్న సమాధానమే ఈ దిగంబర శిల్పి కథ అయి ఉండవచ్చునని నా ఊహ. ఒక శివాలయాన్నీ ఒక జైనాలయాన్నీ కలపడానికి నీటి క్రింద ఒక దారి తవ్వుకున్నారు. శాసనాలు చదివేవారికి ఇది సాక్ష్యం కాదు. నావంటి పత్రికారచయితకు వదలబుద్ధికాని సంగతి.

పాలంపేట గుడికి కట్టించిన సేనాని పేరు నిలవలేదు. చెక్కిన శిల్పిగా చెప్పుకునే రామప్ప పేరే లోకం నోట నిలిచి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు కూడా ఎక్కింది. దేవబలోదా శిల్పికి ఆ భాగ్యం లేదు. కథలో కూడా అతనికి పేరు లేదు. చెల్లెలికి పేరు లేకపోయినా ఆమె కుండకు పేరున్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఊరి కథలో గుండమూ చెరువూ జంట. ఒకటి లేకుండా రెండవది లేదు. ప్రభుత్వ పత్రాలలో మాత్రం ఈ జంట విడిపోయింది. గుడి, దానిని ఆనుకొన్న గుండం 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం క్రింద కేంద్రం రక్షణలో ఉన్నవి. చుట్టూ కంచె, గేటు, నీలిరంగు బోర్డు. కర్సా చెరువు కంచె బయట ఉన్నది. అన్న కేంద్ర ప్రభుత్వం పరిధిలోకి పోతే, చెల్లెలు స్థానిక పాలన క్రింద మిగిలింది. నీటి లెక్కలో చూస్తే ఇది తెలివైన పని కాదు. చెరువులో నిలిచిన నీరు నేలలోకి ఇంకితేనే పక్కనున్న గుండంలో ఊట ఉంటుంది. కలచురుల నాటి పనివారికి ఈ సంగతి తెలియక రెండూ పక్కపక్కన పెట్టుకోలేదు. చెరువు పూడిపోతే కంచె ఎంత గట్టిగా ఉన్నా గుండానికి నీరు రాదు.

ఛత్తీస్‌గఢ్‌లో చెరువు అంటే మన రాయలసీమలో కన్నా ఎక్కువ ప్రీతి. పాత పట్టణాల గొప్ప చెప్పేటప్పుడు ‘ఆరిరవైల మీద ఆరు’, అంటే 126 చెరువులు గల ఊరని చెబుతారు. చెరువు తవ్వితే సరిపోదు, దానికి పెళ్లి చేయాలి. నడుమ కొయ్య స్తంభం పాతి, పెళ్లి తంతు జరిపిన తర్వాతనే ఆ నీరు శుభకార్యాలకు పనికి వస్తుందని ఆచారం. ఢిల్లీలో గాంధీ శాంతి ప్రతిష్ఠాన్‌లో పనిచేసిన అనుపమ్ మిశ్రా 1993లో వెలువరించిన ‘ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్’ అనే పుస్తకంలో ఇటువంటి సంగతులెన్నో ఉన్నవి. హక్కులు తన దగ్గర ఉంచుకోకుండా ఎవరైనా అచ్చు వేసుకోవచ్చునని ఆయన విడిచిపెట్టారు. 2016 డిసెంబరులో ఆయన పోయినప్పుడు ఢిల్లీ పత్రికలు రాసిన దానికన్నా ఎక్కువ మర్యాద ఆయనకు ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ పల్లెల్లో ఉన్నది.

ఇంతటి చెరువుల నాడులో ఉక్కు కర్మాగారం వెలిసింది. నెహ్రూ గారు ఇటువంటి నిర్మాణాలనే ఆధునిక దేవాలయాలన్నారు. ఆ మాటను ఎకసెక్కం చేయడం ఈ రోజుల్లో ఫ్యాషను గాని నేను చేయను. ఆ దేవాలయం లక్షలమందికి అన్నం పెట్టింది, దేశమంతటికీ పట్టాలు పరచింది. అయితే దేవాలయానికి కోనేరు కావాలి గదా. భిలాయి తన కోనేటిని దూరాన వెదుక్కున్నది. 1921లో సేద్యానికి పూర్తయిన తాందులా జలాశయం, 1970ల చివర మహానది మీద పూర్తయిన గంగ్రేల్ జలాశయం, వీటి నీరు కాలువల వెంట మరోదా చెరువుకు చేరి కొలుములను చల్లబరచింది, క్వార్టర్లలో కొళాయిలను తిప్పింది. కొళాయి తిరిగిన ఊళ్లో చెరువుతో పనేమున్నది? భూమి ధర పెరిగే కొద్దీ చెరువుగట్టు సన్నబడుతుంది. ఇది భిలాయి ఒక్కదాని కథ కాదు. హైదరాబాదులో కుంటలెట్లా పోయినవో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఉక్కు దేవాలయం అన్నవారు అందులోని భక్తులను కూడా తలచుకోవాలి. ఛత్తీస్‌గఢ్ కార్మికనాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు జులై 1న భిలాయి పవర్ హౌస్ స్టేషను దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. చరోదా యార్డు నుంచి ఆ స్టేషను దగ్గరే. ఆ తరంవారు ఆ రోజును మరచిపోలేదు.

చట్టం సంగతి మరికొంత చెప్పాలి. 2010లో యు.పి.ఏ. ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషిద్ధం, ఆ పైన 200 మీటర్ల వరకు అనుమతి ఉంటేనే. తాజ్‌మహల్‌కు ఏ కొలతో దేవబలోదాకూ అదే కొలత. మంచి ఉద్దేశంతో చేసిన చట్టమే. కాని గుడి పక్క తాతలనాటి పెంకుటిల్లు ఉన్నవాడికి ఆ ఇల్లు పడగొట్టి కట్టుకోవాలంటే కడగండ్లే. 2018 జనవరిలో లోక్‌సభ ఈ నిషేధాన్ని సడలించే బిల్లును ఆమోదించింది, ఇళ్లవారి కోసం కాదు, కేంద్ర ప్రభుత్వ ప్రజాపనుల కోసం. రాజ్యసభలో అది సెలెక్టు కమిటీకి వెళ్లింది. 2019లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2023లో స్థాయీ సంఘం మళ్లీ ఈ 100, 200 మీటర్ల కొలతల వల్ల జనానికి కలుగుతున్న ఇబ్బందిని ప్రస్తావించింది. నా అభిప్రాయం అడిగితే కొలత తగ్గించడమూ పెంచడమూ ముఖ్యం కాదు. ఏ కట్టడానికి ఏది ప్రాణమో చూచి గీత గీయాలి. దేవబలోదాలో ఆ గీత చెరువు చుట్టూ తిరిగి రావాలి. 100 మీటర్ల లోపు ఇల్లు కట్టరాదని చెప్పే చట్టం, చెరువులో పూడిక తీయవలసినది ఎవరో చెప్పదు.

పూజల విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉన్నది. అప్పటి 3,690 పైచిలుకు కట్టడాల్లో పూజలో ప్రార్థనో జరిగేవి 820 అని శాఖ వారే స్థాయీ సంఘానికి చెప్పారు. దేవబలోదాలో నిత్యం దీపం వెలుగుతుంది. మహాశివరాత్రికి రెండు రోజుల జాతర సాగుతుంది. దుర్గ్, రాయపూర్ జిల్లాల పల్లెజనం, యార్డు కార్మికులు, భిలాయి సెక్టార్ల తెలుగువారు, ఒడియా వారు, బీహారీలు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. ఢిల్లీలో మా ఆంధ్రాభవన్‌కు కూతవేటు దూరంలో హేలీ రోడ్డు మీద అగ్రసేన్ బావి ఉన్నది. అదీ ఈ శాఖదే. సినిమాల పుణ్యాన అక్కడ ఫొటోలు తీసుకునేవారికి కొదవ లేదు. ఆ మెట్ల అడుగున తల చల్లుకోవడానికి ఎవరూ దిగరు. రక్షిత కట్టడాలకు ఈ రెండు రకాల బ్రతుకులున్నవి. రెండవది సులభం, మొదటిది కష్టం. మొదటిదానికి నీరు శుభ్రంగా ఉండాలి.

గుండం గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన నా తెలుగు విని పలకరించాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి. తండ్రి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. తాను యార్డులో పనిచేసి పింఛను మీద ఉన్నాడు.

“మా అయ్య ఉన్నప్పుడు ఈ గుండంలో దిగి తానం సేసేవోళ్లం బాబూ. ఇప్పుడు నీళ్లు సల్లుకోడమే,” అన్నాడు.

“చెరువు మాటేమిటండీ?” అని అడిగాను.

“సెరువా? మా ఆడోళ్లు శివరాత్రి నాడు ముందల అక్కడికే ఎల్తారు. అన్న దగ్గరికి ఎల్లేముందు సెల్లిని పలకరించాల గదా. గుడికాడ అయితే బోర్డు ఉంది, గవర్నమెంటోళ్లు వొస్తారు. సెరువుకాడికి ఎవులొస్తారు?” తర్వాత కొంచెం ఆగి, “మీరు డిల్లీలో ఉంటారు. ఈ సెరువు కూడా గుడిదేనని రాయాలంటే ఎవరికి రాయాలి బాబూ?” అన్నాడు.

మూడు చిరునామాలు చెప్పాను. ఒకటి భిలాయి-చరోదా నగరపాలక సంస్థ. రెండవది పురావస్తు శాఖ రాయపూర్ సర్కిల్ కార్యాలయం. మూడవది తిలక్ మార్గ్, ధరోహర్ భవన్. ఆయన జేబులోంచి పాత రైల్వే డైరీ ఒకటి తీసి మూడూ తెలుగులోనే రాసుకున్నాడు. అర్జీ హిందీలో తన మనవరాలు రాస్తుందనీ, ఆ పిల్లకు తెలుగు చదవడం రాకపోయినా వినడం వచ్చుననీ చెప్పాడు.